తేనె పేరుకుందా? పారబోసే ముందు ఇవి చూడండి

కర్నూలులో నాది చిన్న దుకాణం. నల్లమల నుంచి వచ్చే కొండతేనె, పొద్దుతిరుగుడు చేల పక్కన పెట్టెలు పెట్టి తీసే తేనె, కుంకుడుకాయలు, శీకాయ, చింతపండు అమ్ముతాను. సంక్రాంతి దగ్గర పడుతుంటే నా దుకాణానికి పండుగ కంటే ముందు తేనె సీసాలు వస్తాయి. కార్తీక మాసంలో కొన్నవాళ్లు గడ్డకట్టిన సీసా చేత పట్టుకొని గడప దగ్గరే నిలబడతారు. మొన్న జనవరిలో ఒక పెద్దావిడ సీసాను బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి, "చూడు నాయనా, కదలడం లేదు. ఇది తేనా, చక్కెర పాకమా? పంచామృతానికని తీసుకెళ్లాను" అన్నారు. సీసాలో మూడు వంతులు లేత పసుపు రంగు గడ్డ. దాని మీద వేలెడు మందాన ఎర్రటి ద్రవం. ఆ ద్రవం మాత్రమే నెమ్మదిగా మెడ వైపు జారుతోంది.

డబ్బు తిరిగిస్తానన్నాను. "డబ్బు సంగతి తరవాత, ముందు ఇదేమిటో చెప్పు" అన్నారు. ఆవిడకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. అందరూ అడుగున ఉన్న గడ్డను చూసి భయపడతారు. నిజానికి కన్నేసి ఉంచవలసింది పైన ఉన్న ఆ ద్రవం మీద.

ముందుగా సీసాను వెలుతురుకు పెట్టి చూడండి

మూత తీయకముందే సీసాను కిటికీ దగ్గరకు తీసుకెళ్లండి. తేనె మొత్తం ఒకే తీరుగా, పేరిన నెయ్యిలా ఉంటే చింత లేదు. అడుగున పలుకు (గడ్డకట్టిన చక్కెర రవ్వ), పైన ద్రవం అని రెండు పొరలుగా విడిపోతే ఆ ద్రవం ఎంత పలచగా ఉందో చూడండి. సీసాను వంచినప్పుడు అది తేనెలా బద్ధకంగా కదలాలి. నీళ్లలా చప్పున పరుగెత్తితే అనుమానించాలి.

గాజుకూ గడ్డకూ మధ్య తెల్లటి చారలు, మంచు పువ్వుల్లాంటి మచ్చలు కనబడవచ్చు. చాలామంది దాన్ని బూజు అనుకుంటారు. గడ్డకట్టేటప్పుడు తేనె కాస్త ముడుచుకొని గాజును వదులుతుంది, ఆ సందులోకి గాలి చేరుతుంది. ఆ తెలుపు గాలిదే. తినవచ్చు.

ఇప్పుడు మూత తీసి వాసన చూడండి. రెండు వేళ్లతో చిటికెడు పలుకు తీసి నాలుక మీద పెట్టుకోండి. తేనె పలుకు వెన్నలా, కాస్త చల్లగా అనిపిస్తూ కరిగిపోతుంది. మరీ పెద్ద పలుకైతే ఇసుకలా తగిలి తరవాత కరుగుతుంది. సన్నమైనా, ముతకైనా రెండూ మంచివే. ఎంత నెమ్మదిగా గడ్డకడితే అంత ముతక పలుకు వస్తుంది, తేడా అంతే.

అసలు ఎందుకు పేరుకుంటుంది

ఈ సంగతి మన వంటింటి ఆడవాళ్లకు సగం తెలిసిందే. కాజాలకు పాకం పట్టేటప్పుడు కాస్త ముదిరితే గిన్నె అంచున చక్కెర కట్టేస్తుంది. అలా కట్టకూడదని నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. నిమ్మ పులుపు చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. రకరకాల చక్కెరలు కలగలిసి ఉన్నచోట పలుకు కట్టడం కష్టం. తేనెటీగ ఇదే పనిని నిమ్మకాయ లేకుండా చేస్తుంది. పువ్వు నుంచి తెచ్చిన మకరందంలో తన ఒంట్లోని ఎంజైమును కలుపుతుంది. తరవాత పట్టులో ఈగలన్నీ రెక్కలతో విసిరి విసిరి నీటిని ఆవిరి చేస్తాయి. తేనె తగినంత చిక్కబడ్డాకే గదికి మైనపు మూత వేస్తాయి.

అలా తయారైన నూరు గ్రాముల తేనెలో సుమారు 38 గ్రాముల ఫ్రక్టోజ్, 31 గ్రాముల గ్లూకోజ్, 17 నుంచి 20 గ్రాముల నీరు ఉంటాయి. చిక్కు అక్కడే ఉంది. మామూలు గది వేడిలో నూరు గ్రాముల నీళ్లలో గ్లూకోజ్ సుమారు 90 గ్రాములే కరుగుతుంది. అంటే 18 గ్రాముల నీటికి 16 గ్రాములు. కానీ ఉన్నది 31. సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి కర్నూలుకు వచ్చే బస్సు తలచుకోండి. నలభై సీట్లలో ఎనభై మంది. ఎక్కడ బస్సు ఆగితే అక్కడ కొందరు దిగాలనే చూస్తారు. తేనెలో దిగిపోయేది గ్లూకోజే. వేసవిలో నీళ్లలో కలుపుకొని తాగే ఆ పొడి గ్లూకోజే. ఫ్రక్టోజ్ నీటితో బాగా కలిసిపోతుంది కాబట్టి అది ద్రవంగానే ఉంటుంది.

దిగడానికి ఒక ఆసరా కావాలి. కలకండ తయారుచేసేవాళ్లు పాకంలో దారం వేలాడదీస్తారు, పలుకు ఆ దారాన్ని పట్టుకొని పెరుగుతుంది. తేనెలో ఆ దారం పని పుప్పొడి రేణువులు, మైనపు పొట్టు, గాలి బుడగలు చేస్తాయి. పట్టును చేత్తో పిండి తీసిన కొండతేనెలో ఇవన్నీ బోలెడు. పాత సీసాను కడగకుండా కొత్త తేనె పోస్తే అడుగున మిగిలిన పాత పలుకులు కూడా ఆ పనే చేస్తాయి. నెలలు నిలవవలసిన తేనె వారాల్లో గడ్డకడుతుంది.

పువ్వును బట్టి కూడా తేడా ఉంటుంది. ఆవ, పొద్దుతిరుగుడు, పత్తి పూల తేనెల్లో గ్లూకోజ్ పాలు ఎక్కువ, అందుకే తొందరగా పేరుకుంటాయి. కర్నూలు, అనంతపురం పొలాల్లో పొద్దుతిరుగుడుకూ పత్తికీ కొదవ లేదు కాబట్టి మన దగ్గర పెట్టెల తేనె గడ్డకట్టడంలో వింత లేదు. అడవి తేనె పదిరకాల చెట్ల పూలది. ఒక ఏడాది డబ్బా ఉగాది వరకు ధారగానే ఉంటుంది, మరుసటి ఏడాది అదే అడవి డబ్బా దీపావళికే గడ్డ.

ఇక చలి. పలుకు కట్టడానికి తేనెకు బాగా నచ్చేది 14 డిగ్రీల చుట్టుపక్కల. 27 దాటితే ఆ పని బాగా మందగిస్తుంది. మనకు ఏడాదిలో తొమ్మిది నెలలు అంతకంటే వేడే కాబట్టి తేనె గడ్డకట్టడాన్ని మనం అరుదుగా చూస్తాం, చూసినప్పుడు ఉలిక్కిపడతాం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి పెరిగిందంటే అల్మారాలోని సీసాకు సరిగ్గా సరిపోతుంది. చలికాలంలో నెయ్యి పేరితే ఎవరూ పాడి ఇంటికెళ్లి పోట్లాడరు కదా!

సూపర్‌మార్కెట్ సీసా ఏడాదైనా గడ్డకట్టదేమని అడుగుతారు. ఫ్యాక్టరీలో దాన్ని వేడిచేసి, సన్నని వడపోతల్లో వడగడతారు. ఉన్న పలుకులు కరుగుతాయి, దారం పనిచేసే పుప్పొడి చాలావరకు పోతుంది. ఆ తేనె ధారగా ఉండటానికి అదొక కారణం. దాని స్వచ్ఛత గురించి ఆ ధార ఏమీ చెప్పదు.

బాగుందా, పాడైందా

గడ్డకట్టిన తేనె పాడైనది కాదు. రుచి, తీపి, పోషకాలు అన్నీ అలాగే ఉంటాయి. అయితే అడుగున గడ్డ, పైన ద్రవం ఉన్న సీసాలో ఒక చిన్న గొడవ ఉంది. గ్లూకోజ్ పలుకు కట్టేటప్పుడు తనతో కొంత నీటిని పట్టుకుపోతుంది. కానీ ఆ పలుకు బరువులో నీరు నూటికి తొమ్మిది పాళ్లే. తేనె మొత్తంలో 18 పాళ్లు ఉందని చెప్పుకున్నాం. అంటే దిగినవాళ్లు తమ వాటా కంటే తక్కువ నీరు తీసుకెళ్లారు, మిగిలినదంతా పైన ద్రవంలోనే ఉండిపోయింది. అందువల్ల ఆ పై పొర అసలు తేనె కంటే పలచన. తేనెలో సహజంగా ఉండే ఈస్టులు చిక్కటి తేనెలో నిద్రపోతుంటాయి, ఈ పలచని పొరలో లేచి పనిచేయడం మొదలుపెడతాయి.

లేచాయో లేదో ఇలా తెలుసుకోండి. మూత తిప్పగానే సోడా సీసాలా బుస్సుమంటే, పైన సన్నని బుడగల నురుగు నిలిచి ఉంటే, దాన్ని తీసేసినా మరుసటి రోజు మళ్లీ వస్తే, వాసన పులిసిన ఈతకల్లును గుర్తుచేస్తే ఆ తేనె పులిసింది. పూజకూ వద్దు, నోట్లోకీ వద్దు. గడ్డ భాగం బాగానే కనిపిస్తున్నా, పైది వంపేసి కిందది వాడదామనుకోకండి. ఆ పులిసిన ద్రవం పలుకుల సందుల్లో కూడా ఉంటుంది. అప్పుడే సీసాలో పోసిన తేనె మీద తేలే తెల్లటి నురుగు వేరు. అది పోసేటప్పుడు చిక్కుకున్న గాలి, రెండు రోజుల్లో పైకి తేలి ఆగిపోతుంది, పుల్లటి వాసన ఉండదు.

కొండతేనె విషయంలో ఇంకొంచెం జాగ్రత్త పడాలి. ఈగలు మూతలు వేయని గదులను కూడా కలిపి పిండితే నీరు 20 పాళ్లు దాటిపోతుంది. మన దేశపు ఆహార ప్రమాణాలు తేనెలో నీరు 20 శాతానికి మించకూడదంటాయి. నల్లమల చెంచులు తెచ్చే తేనెను కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. నా బోటి దుకాణదారులు బయట కొన్నప్పుడు మాత్రం తేమ ఎంతో కొలవకుండానే కొంటారు, నేనూ చాలాకాలం అలాగే కొన్నాను. మీరు కొనేటప్పుడు చెంచాతో ఎత్తి వదిలి చూడండి. ధార తెగకుండా సన్నగా దిగి, కింద పడ్డచోట ఒక్క క్షణం కుప్పగా నిలవాలి. వేసవి మధ్యాహ్నం ఏ తేనైనా పలచగానే ఉంటుంది, అందుకని ఉదయం పూట చూడటం మేలు.

కరిగించాలంటే

మొదట్లో నేను చేసిన తప్పు చెబుతాను. దుకాణం పెట్టిన కొత్తలో అయిదు ప్లాస్టిక్ సీసాలను మరుగుతున్న నీళ్ల గిన్నెలో దించి, గిరాకీ వస్తే ముందుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి సీసాలు నడుము దగ్గర ముడుచుకుపోయాయి. తేనె కరిగింది, కానీ రంగు నల్లబడి కాస్త మాడిన బెల్లం వాసన. పువ్వు వాసన పోయింది. దాన్ని అమ్మలేదు, ఆ ఏడాదంతా ఇంట్లోనే ఖర్చుపెట్టాం.

కాబట్టి తేనె ప్లాస్టిక్ సీసాలో ఉంటే ముందు చెంచాతో తవ్వి గాజు సీసాలోకి మార్చండి. గాజు సీసాను చల్లటి గదిలోంచి తెచ్చి నేరుగా వేడినీళ్లలో పెట్టకండి, పగులుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. లోతైన గిన్నె అడుగున మడతపెట్టిన గుడ్డ పరచండి. మూతను బిగించకుండా, ఊరికే ఆనించి ఉంచండి.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలన్నదే కీలకం. 45, 50 డిగ్రీలు చాలు. థర్మామీటరు లేదని ఆగకండి. ఒక చెంబు మరిగే నీళ్లకు రెండు చెంబుల మామూలు నీళ్లు కలిపితే చలికాలంలో దాదాపు 50 డిగ్రీలు వస్తుంది. మే నెలలో ట్యాంకు నీళ్లే వేడిగా ఉంటాయి కాబట్టి అప్పుడు మూడు చెంబులు కలపండి. ఆ నీళ్లలో చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడి ఉండాలి, చురుక్కుమని వెనక్కి లాక్కుంటే ఎక్కువైనట్టు. సీసా లోపల తేనె ఎంతవరకు ఉందో బయట నీళ్లూ అంతవరకు పోయండి. పొయ్యి మీద పెట్టవద్దు. నీళ్లు చల్లారితే మార్చండి. అరకిలో సీసా పూర్తిగా గడ్డకట్టి ఉంటే రెండు, మూడు సార్లు నీళ్లు మార్చవలసి వస్తుంది, రెండు గంటలైనా పడుతుంది. మధ్యలో పొడి చెంచాతో అడుగు నుంచి కలపండి.

ఇంత ఓపిక లేనివాళ్లకు నా పద్ధతి ఒకటుంది. ఇడ్లీలు వేడిగా ఉంచే హాట్‌బాక్సులో ఆ నీళ్లు పోసి, సీసా నిలబెట్టి, మూతపెట్టి రాత్రికి వదిలేయండి. తెల్లవారేసరికి చాలావరకు కరిగి ఉంటుంది. మిగిలిన దానికి ఇంకొకసారి నీళ్లు మారిస్తే సరి.

మైక్రోవేవ్ వద్దు. అందులో ఒకచోట తేనె ఉడుకుతుంటే పక్కన గడ్డ గడ్డగానే ఉంటుంది. ఎక్కువ వేడి తగిలినా, ఎక్కువ రోజులు వేడిలో ఉన్నా తేనెలోని ఎంజైములు దెబ్బతింటాయి. హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫ్యూరాల్ అనే పదార్థం కూడా పెరుగుతుంది. తేనె ఎంత వేడి చూసిందో ప్రయోగశాలలో దీనితోనే లెక్కకడతారు, కిలోకు 80 మిల్లీగ్రాములు మించకూడదని మన ప్రమాణం. మిద్దె మీద ఎండలో పెట్టడం కూడా నాకు నచ్చదు. మన ఎండకు మూసిన సీసా ఎంత వేడెక్కుతుందో చెప్పలేం.

ఒకటి గుర్తుంచుకోండి. కంటికి కనిపించని చిన్న పలుకులు మిగిలితే తేనె మళ్లీ పేరుకుంటుంది. అందుకని సీసా మొత్తం కాకుండా నెల రోజులకు కావలసింది చిన్న సీసాలోకి తీసుకొని దాన్నే కరిగించండి. మాటిమాటికీ వేడిచేస్తే పువ్వు వాసన ప్రతిసారీ కొంత పోతుంది.

కరిగించకుండా వాడుకోండి

వేడి చేసిన తేనె తగదని ఆయుర్వేదం పాటించే ఇళ్లలో దీన్ని అస్సలు వేడి తగలనివ్వరు. వాళ్లకు, నిజానికి మనందరికీ, పేరుకున్న తేనెను అలాగే తినడమే సులువు. వేడి జొన్నరొట్టె మీద చెంచాతో రాస్తే దానంతటదే కరిగి రొట్టెలోకి ఇంకుతుంది, పక్కలకు కారదు. ధార తేనెతో ఇది సాధ్యం కాదు. పంచామృతంలో పాలు, పెరుగులో వేసి నిమిషం కలిపితే పలుకు కరిగిపోతుంది. పెద్దావిడకు దుకాణంలోనే గ్లాసు నీళ్లలో చెంచాడు కలిపి చూపించాను.

కొన్ని దేశాల్లో తేనెను కావాలనే గడ్డకట్టించి అమ్ముతారు. తేనెటీగల శాస్త్రవేత్త ఎల్టన్ డైస్ 1935లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. తొమ్మిది పాళ్ల ధార తేనెలో ఒక పాలు సన్నగా పేరిన తేనెను కలిపి 14 డిగ్రీల దగ్గర ఉంచితే మొత్తం వెన్నలా మెత్తగా గడ్డకడుతుంది. మన ఇళ్లలో ప్రయత్నిస్తే జనవరిలోనే, అదీ చలి గట్టిగా ఉన్న రాత్రుల్లో చేయాలి. ముతక పలుకున్న తేనెను విత్తనంగా వేయకండి. ముందు కల్వంలో నూరి సన్నం చేసుకోండి, లేకపోతే మొత్తం ఇసుకలా వస్తుంది. నాకు మూడోసారికి కుదిరింది.

నీళ్ల గ్లాసు, అగ్గిపుల్ల పరీక్షలు

తేనె చుక్క నీళ్లలో అడుగుకు దిగితే మంచిదని, తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలిగితే మంచిదని, కుక్క ముట్టదని, చీమ ఎక్కదని నా బల్ల ముందు రోజూ వింటాను. చిక్కటి చక్కెర పాకం కూడా నీళ్లలో అడుగుకే దిగుతుంది. అగ్గిపుల్ల చెప్పేది నీరు తక్కువా ఎక్కువా అన్నది మాత్రమే. చీమలకు తేనెతో ఏ విరోధమూ లేదు, నా అల్మారాను అడగండి. గడ్డకట్టింది కాబట్టి స్వచ్ఛమైనదే అనడం కూడా అంతే తప్పు. కొన్ని కల్తీ పాకాలూ గడ్డకడతాయి. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ అనే పరిశోధన సంస్థ 13 బ్రాండ్ల తేనెలను పరీక్ష చేయించి, 2020 డిసెంబరులో ఫలితాలు విడుదల చేసింది. మామూలు ప్రయోగశాల పరీక్షలను దాటేలా తయారుచేసిన చక్కెర పాకాలు మార్కెట్లో ఉన్నాయని ఆ పరిశోధన బయటపెట్టింది. ప్రయోగశాలకే కళ్లు కప్పే పాకాన్ని గ్లాసు నీళ్లు పట్టలేవు. తెలిసినవాళ్ల దగ్గర, ఎక్కడ తీశారో, ఏ పూల కాలంలో తీశారో చెప్పగలిగినవాళ్ల దగ్గర కొనడమే మన చేతిలో ఉన్నది.

పసిపిల్లలకు వద్దు

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఏడాది నిండని పిల్లలకు ఏ తేనే పెట్టకండి. పేరుకున్నదైనా, ధారదైనా, కాచినదైనా ఒకటే. తేనెలో బొటులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగుల్లో అవి మొలకెత్తవు, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయగలవు. ఇంట్లో కాచే వేడికి ఆ బీజాలు చావవు. అమ్మమ్మలు నొచ్చుకుంటారు, అయినా వద్దనే చెప్పండి.

నిల్వ

గాజు సీసా, బిగుతైన మూత, తడి లేని చెంచా. తేనె గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది, మూత వదులుగా ఉంటే వానాకాలంలో పైపొర పలచబడుతుంది. తేనెకు పులుపు గుణం ఉంది కాబట్టి ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ చేయకండి. ఫ్రిజ్‌లో పెట్టవలసిన అవసరం లేదు. అక్కడ బండలా బిగుసుకుంటుంది, రోజూ తీసి పెడుతుంటే పలుకు ఇంకా తొందరగా వస్తుంది. మన దగ్గర తేనెకు చలి కంటే వేసవే పెద్ద శత్రువు. పొయ్యి పైన ఉన్న అరలో, రేకుల కప్పు కింద, పడమటి ఎండ పడే గోడ అల్మారాలో పెట్టిన సీసా ఏప్రిల్, మే దాటేసరికి నల్లబడుతుంది. కింది అంతస్తులో, నీళ్ల కుండ ఉండే మూల మేలు.

సీసా మీద కొన్న నెల రాసి పెట్టుకోండి. అడుగున పలుకు, పైన ద్రవం కనబడిన రోజే పొడి చెంచాతో అడుగు నుంచి బాగా కలిపేసి, ఆ సీసానే ముందుగా వాడండి. పెద్దావిడ సీసాను అలాగే కలిపి ఇచ్చాను. పైన నురుగు లేదు, పులుపు వాసన లేదు.